చూరు కింద చలువ: కోనసీమ ఇంటి పైకప్పు చరిత్ర – ఒక పరిశీలన

గోదావరి డెల్టా పలుకుబడిలో ఇంటి పైకప్పు పనికి మూడు క్రియలున్నాయి. తాటాకు ఇంటిని నేస్తారు. పెంకుటింటిని కప్పుతారు. డాబాకు శ్లాబు పోస్తారు. మగ్గం మీద బట్టకు వాడే క్రియనే తాటాకు కప్పుకూ వాడడం గమనార్హం. ఆకును ఆకులో ఇమిడ్చి, వరుస మీద వరుస బిగించే పనిని చూసినవారికి ఈ వాడుకలోని ఔచిత్యం వెంటనే బోధపడుతుంది. కప్పడం అంటే ఒకదాని అంచు మీదికి మరొకదాని అంచు వచ్చేటట్లు పెంకులు పరచడం. పోయడం అంటే ముద్దను అచ్చులోకి వంపి గట్టిపడనివ్వడం. నేసినదానిలోనూ కప్పినదానిలోనూ సందులుంటాయి, వాటి గుండా గాలి ఆడుతుంది. పోసినదానిలో సందు ఉండదు. కోనసీమ ఇళ్ళలో వందేళ్ళుగా చలువకు ఏమి జరిగిందో చెప్పడానికి ఈ క్రియలే మంచి ఆరంభం.

వాతావరణం వేడెక్కుతున్న కాలంలో విద్యుత్తు తక్కువ వాడుతూ హాయిగా ఉండే ఇల్లు ఎలా కట్టుకోవాలన్న చర్చ ఇటీవల ముమ్మరమైంది. ఆ చర్చలో కోనసీమ పేరు రాగానే మండువా లోగిలి ముందుకు వస్తుంది. అది సహజమే. పేరూరు వంటి పాత అగ్రహారాలలో నేటికీ నిలిచి ఉన్న మండువాలను చూడడానికి దూరప్రాంతాలవారు సైతం వస్తున్నారు. అయితే ఈ సీమలో మండువా ఎన్నడూ అందరి ఇల్లు కాలేదు. దానిని మాత్రమే నమూనాగా తీసుకుంటే, చలువ ఉండీ రక్షణ లేని తాటాకు ఇళ్ళ చరిత్ర, రక్షణ దొరికి చలువ పోయిన శ్లాబు ఇళ్ళ చరిత్ర రెండూ మరుగున పడతాయి. గృహనిర్మాణ పదజాలం, తెలుగు సాహిత్యం, వరదల తుఫానుల నమోదిత చరిత్ర, ఇటీవలి నిర్మాణ నియమావళి – ఈ నాలుగింటి ఆధారంగా ఆ మరుగుపడిన భాగాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఎండ వేరు, ఉక్క వేరు

ఎండ, కాక, సెగ, వడ, ఉడుకు, ఉక్క, ఉబ్బ – వేసవి బాధను చెప్పే మాటలకు తెలుగులో కొదవ లేదు. వీటిలో ఎండ, సెగ, వడ ఒక జాతివి. ఉక్క, ఉబ్బ మరొక జాతివి. మొదటి జాతి మాటలు పైనుంచి, బయటినుంచి వచ్చే తాపాన్ని చెబుతాయి. రెండవ జాతివి ఒంటి నుంచి బయటికి పోలేక నిలిచిపోయిన తాపాన్ని చెబుతాయి. గాలిలో తేమ ఎక్కువైనప్పుడు చెమట ఆరదు, చెమట ఆరకపోతే శరీరం చల్లబడదు. భౌతికశాస్త్రం చెప్పే ఈ సంగతిని ‘ఉక్కపోత’ అన్న మాట ఏ పరికరమూ లేకుండానే పట్టుకుంది.

ఈ తేడా ఇంటి నిర్మాణాన్ని శాసిస్తుంది. రాయలసీమలోను, తెలంగాణలో పలు ప్రాంతాలలోను కనిపించే మట్టి మిద్దె ఎండకు సమాధానం. మందమైన గోడలు, మందమైన మట్టికప్పు పగటి వేడిని లోనికి చేరనీయకుండా ఆలస్యం చేస్తాయి. రాత్రి బయట చల్లబడుతుంది కనుక ఆ వేడి తిరిగి బయటికి పోతుంది. సముద్రమూ గోదావరి పాయలూ కాలువలూ చుట్టుముట్టిన కోనసీమలో రాత్రికి పగటికి ఉష్ణోగ్రతలో అంత వ్యత్యాసం ఉండదు. కూడిన వేడిని తెల్లవారేలోగా వదిలించుకునే అవకాశం గోడకు తక్కువ. అందువల్ల ఇక్కడి ఇంటికి కావలసినవి రెండు: నీడ, గాలి. కప్పు తేలికగా ఉండాలి, చూరు కిందికి వాలి గోడ మీద ఎండ పడకుండా చూడాలి, ఒక వైపున వచ్చిన గాలి మరొక వైపుకు పోవాలి. జాతీయ భవన నిర్మాణ స్మృతి దేశాన్ని అయిదు వాతావరణ మండలాలుగా విభజించి కోస్తాంధ్రను ఉష్ణ–ఆర్ద్ర మండలంలో చేర్చడానికి కారణం ఇదే.

మన కావ్యాలలోని వేసవి ప్రధానంగా ఎండ వేసవి. ఆముక్తమాల్యద ద్వితీయాశ్వాసంలోని గ్రీష్మవర్ణన ప్రసిద్ధమైనది. అందులో ఎండకూ దప్పికకూ ఉన్న స్థానం ఉక్కకు లేదు. ఆధునిక కాలంలో ప్రభుత్వ లెక్కలదీ అదే ధోరణి. 2003లోను, 2015లోను రాష్ట్రంలో వేసవి తీవ్రతకు వేయిమందికి పైగా మరణించారని నమోదైంది. అవి వడదెబ్బ మరణాలు. ఉక్కకు నిద్రపట్టని రాత్రులకు, మరునాటి కూలికి పోలేని ఉదయాలకు ఏ పట్టికలోనూ చోటు లేదు. కోనసీమలో థర్మామీటరు చూపే అంకె రెంటచింతలలో కంటె తక్కువగా ఉండవచ్చు. ఆ అంకెను చూసి ఇక్కడి బాధ తక్కువని నిర్ణయించడం పొరపాటు.

మండువా: ఏది నిజం, ఏది అతిశయోక్తి

ముంగిలి అంటే ఇంటి ముందరి తావు, లోగిలి అంటే ఇంటి లోపలి తావు. ఈ రెండింటి మధ్య వీధి అరుగు, అరుగు దాటితే గుమ్మం, గుమ్మం దాటితే నడవ, నడవ చివర ఆకాశం కనిపించే మండువా. దాని నాలుగు వైపులా పంచ, పంచ వెనుక గదులు. నాలుగు దిక్కుల పెంకు కప్పులూ లోపలికి వాలి ఉంటాయి. వాన కురిస్తే నాలుగు చూరుల నీళ్ళూ ఇంటి నడుమనే పడి, తూము గుండా పెరట్లోని కొబ్బరిచెట్ల పాదుల్లోకి పోతాయి. చూరు కింద గంగాళం పెట్టి వాననీటిని పట్టుకోవడం పరిపాటి.

ఈ ఇల్లు ఎక్కడి సంపదతో కట్టినది అన్న ప్రశ్న తరచుగా అడగరు. ధవళేశ్వరం వద్ద ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో ఆరంభమైన ఆనకట్ట 1852కు పూర్తయింది. వైనతేయ మీదుగా గన్నవరం వద్ద నిర్మించిన అక్విడెక్టు నగరం లంకకు కాలువ నీటిని చేర్చింది. అంతకు ముందు వరదకూ కరువుకూ మధ్య ఊగిసలాడిన డెల్టా వరికి స్థిరమైన నేల అయింది. కాలువలు నీటితో పాటు పడవలనూ మోశాయి. ఏజెన్సీ అడవుల టేకు గోదావరి మీద తెప్పలుగా దిగేది. బర్మా టేకు సముద్రం మీదుగా కాకినాడకు వచ్చేది. తీరంలో గుల్లను కాల్చి సున్నం చేసేవారు. నేడు మనం చూస్తున్న పెద్ద మండువాలలోని స్తంభాలు, దూలాలు, చెక్కిన ద్వారబంధాలు ఈ ఆనకట్ట అనంతర సంపదకు సాక్ష్యాలని భావించడానికి తగిన ఆధారం ఉన్నది. చాలామంది అనుకునేటట్లు మండువా అనాది కాలపు అమాయక గ్రామీణ నిర్మాణం కాదు. భూమి, కాలువ, కలప వ్యాపారం, పనివారి శ్రమ – వీటన్నిటి కూడలిలో నిలిచిన ఇల్లు అది.

పెంకు విషయమూ ఇటువంటిదే. తొలుత కుమ్మరి సారె మీద చేసిన గూనపెంకు. 1865లో బాసెల్ మిషన్ మంగళూరులో పెంకుల కర్మాగారం నెలకొల్పిన తర్వాత పడమటి తీరంలో పుట్టిన అచ్చుపెంకు క్రమంగా దక్షిణ భారతమంతటా వ్యాపించింది. మనవారు దానిని బంగళా పెంకు అన్నారు. గూనపెంకు కంటె అది తేలిక, కప్పడం సులువు, కోతుల బెడద తప్ప ఏటేటా తిరగవేసే శ్రమ తక్కువ. సంప్రదాయమని నేడు మనం కీర్తించే పెంకుటిల్లులో సగం వంతు ఆనాటి కొత్త సాంకేతికతే.

ఇక మండువా చలువ సంగతి. మండువాను సహజమైన ఏసీ అని వర్ణించడం పత్రికలలో పరిపాటి అయింది. ఈ మాటను కొంత తగ్గించి చెప్పుకోవలసి ఉంది. అమలాపురం సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. మే మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అంటే ఏడాదిలో ఎక్కువ బాధించే రోజులలోనే ఎండ నేరుగా మండువాలోకి దిగుతుంది. ఆ వేళకు మండువా రాతి నేల మీద అడుగు పెట్టలేము. మండువా చేసే మేలు వేరే ఉంది. వేడెక్కిన గాలి పైకి పోవడానికి అది దారి ఇస్తుంది. పైకి పోయిన గాలి స్థానంలోకి వీధి గుమ్మం నుంచి, పెరటి గుమ్మం నుంచి గాలి వస్తుంది. వీధి గుమ్మానికి ఎదురుగా పెరటి గుమ్మం ఉండేటట్లు ఒకే వరుసలో ద్వారాలు నిలపడం వల్ల సాయంకాలపు పైరగాలికి అడ్డు ఉండదు. కప్పుకూ గదికీ మధ్య చెక్క అటక ఉంటుంది. పెంకు మోసిన వేడి అటక మీది గాలిలోనే చాలావరకు ఆగిపోతుంది. ధాన్యం, పాత సామాను దాచుకునే చోటుగా మాత్రమే మనం గుర్తుంచుకున్న అటక, నేటి ఇంజనీర్లు కప్పు కింద అమర్చమనే నిరోధక పొర పనిని చేసింది.

ఇంతకు మించినది మరొకటి ఉంది. ఆ ఇంట్లో మనుషులు ఒకచోట ఉండేవారు కారు. ఉదయం వీధి అరుగు, పొద్దెక్కితే పంచ, మధ్యాహ్నం పడమటిల్లు, సాయంత్రం మళ్ళీ అరుగు, రాత్రి మండువాలోనో పెరట్లోనో నవారు మంచం. పొద్దును బట్టి మనిషి చలువ ఉన్న తావుకు తరలేవాడు. ఇల్లంతా ఒకే ఉష్ణోగ్రతలో ఉండాలన్న కోరిక ఏసీతో వచ్చినది. ఇంట్లో ఏదో ఒక చోటు ఎప్పుడూ హాయిగా ఉండాలన్నది పాత పద్ధతి. తక్కువ విద్యుత్తుతో బతకడానికి మండువా నుంచి నేర్చుకోదగినది ఏదైనా ఉంటే దాని ఆకారం కంటె ముందు ఈ అలవాటే అని నా అభిప్రాయం.

వంటింటి వేడి

అయితే అరుగు నుంచి పంచకు, పంచ నుంచి పడమటింటికి ఇలా తరలే స్వేచ్ఛ ఎవరిది? సాయంకాలం వీధి అరుగు మీద పైరగాలికి కూర్చునేది ఇంటి మగవారు. ఆ వేళకు స్త్రీలు రాత్రి వంటకు పొయ్యి రాజేస్తారు. మండువా ఇళ్ళను వర్ణించే రచనలలో పంచలోని స్తంభాలకు పేరాలు దక్కుతాయి, వంటిల్లు ఒక్క వాక్యంతో సరి. కట్టెల పొయ్యి, పొగ, మసిబారిన వాసాలు, ఎత్తున ఒక చిన్న గవాక్షం – చల్లని ఇల్లని పేరున్న ఇంట్లో అత్యంత వేడి గది అదే. ఉక్కకు ఉక్క, సెగకు సెగ రెండూ ఆ గదిలోనే. విమల ‘వంటిల్లు’ కవిత స్త్రీవాద కవిత్వంలో ఒక మైలురాయి. దానిని స్త్రీ స్వేచ్ఛ దృష్టితో చదివినంతగా గృహనిర్మాణ చరిత్రకు ఆధారంగా చదవలేదు. ఇల్లు హాయిగా ఉన్నదా అన్న ప్రశ్నకు ఇంట్లో ఎవరిని అడిగామన్నదాన్ని బట్టి సమాధానం మారుతుందని ఆ కవిత శీర్షికే గుర్తు చేస్తుంది.

అరుగుకు మరొక ముఖం కూడా ఉన్నది. వరద వచ్చే సీమలో ఇంటిని నేల నుంచి ఎత్తి నిలిపిన పీఠం అది. బాటసారికి నీడ అది. లంకల గన్నవరంలో అపర అన్నపూర్ణగా పేరుపొందిన డొక్కా సీతమ్మగారి (1841–1909) ఇల్లు ఇటువంటి ఆతిథ్యానికి పరాకాష్ఠ. కాని సాధారణంగా అరుగు ఎక్కగలవారూ ఎక్కలేనివారూ అని ఊరు రెండుగా ఉండేది. ఎక్కలేనివారి ఇళ్ళ వైపు ఇప్పుడు చూడాలి.

నేసిన ఇల్లు

పాక, పూరిల్లు, గుడిసె, తాటాకిల్లు – పేర్లలో కొంత తేడా ఉన్నా పని ఒకటే. నడుమ నిట్రాడు, దాని మీద వెన్నుదూలం, రెండు వైపులా వెదురు లేదా తాటివాసాలు, పైన తాటాకు. గోడ మట్టిది, లేదా కొబ్బరాకు తడిక. చూరు ఎంత కిందికి ఉంటుందంటే లోపలికి పోవాలంటే నడుము వంచాలి. ఆ చూరే ఎండ గోడను తాకకుండా, ఈదురుగాలి కప్పును ఎత్తకుండా కాపాడుతుంది. వేడిని నిరోధించడంలో జానెడు మందం తాటాకు నేత పెంకు కంటె మేలు, వట్టి కాంక్రీటు కంటె ఎన్నో రెట్లు మేలు. ఆకుల సందులలో నిలిచిన గాలి వేడిని కిందికి రానీయదు. కప్పు తేలిక కనుక సాయంత్రానికి వేడిని దాచుకోదు. శాస్త్ర ప్రమాణంతో చూస్తే ఉష్ణ–ఆర్ద్ర మండలానికి తగిన కప్పు ఇదే. గృహనిర్మాణ పదాలను వృత్తిపదకోశంగా సేకరించే ప్రయత్నం తెలుగులో జరిగినది కనుక నేతపనివారి మాటలలో కొన్నయినా మనకు దక్కాయి.

ఇంత తగిన కప్పును దాని కింద బతికినవారే ఎందుకు వదులుకున్నారు? ఈ ప్రశ్నకు సమాధానం ఒక కావ్య సంపుటి పేరులోనే ఉన్నది. కోనసీమలోని మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న రచించిన ‘గుడిసెలు కాలిపోతున్నై’కి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. సాహిత్య చరిత్రలో దానిని దళిత చైతన్యానికి, సామాజిక ఆగ్రహానికి ప్రతీకగా వ్యాఖ్యానించడం సరైనదే. అయితే ప్రతీక కాకముందు అది ఒక వాస్తవం. ఏప్రిల్, మే నెలల గాలికి ఒక పొయ్యి నిప్పురవ్వ లేస్తే, చూరుకు చూరు ఆనుకుని ఉన్న పేట గంటలో బూడిద అవుతుంది. దాచుకున్న గింజలు, పెట్టెలోని బట్టలు, పిల్లల పుస్తకాలు అన్నీ పోతాయి. కాలడానికి ప్రమాదం ఒక్కటే కారణం కానక్కరలేదు. కక్షకు గుడిసె కంటె తేలికైన గురి లేదు. ‘పాలేరు’ నాటకంలో చదువు ద్వారా పాలేరుతనం నుంచి బయటపడే దారిని చూపిన భీమన్నకు, కాలే కప్పు కింద చదువు నిలవదన్న సంగతి పుట్టి పెరిగిన తావులోనే తెలిసి ఉంటుంది.

గుడిసెలు అలా ఒకదానికొకటి ఆనుకుని ఎందుకున్నాయన్నది తర్వాతి ప్రశ్న. కొబ్బరితోట నడుమ విడిగా ఉన్న పాకకు నిప్పు భయం తక్కువ, చెట్ల నీడ అదనం. స్థలం లేనివారు కాలువగట్టు మీద, పోరంబోకులో, ఆసామి ఇచ్చిన చెక్కలో ఇరుక్కుని కట్టుకున్నారు. పట్టా లేని నేల మీద ఇటుక గోడ లేపడానికి ఎవరు సాహసిస్తారు? లేచి పొమ్మంటే విప్పుకుని పోగలిగిన ఇల్లు తాటాకుదే. ఆ రకంగా తాటాకు వాతావరణానికి తగిన కప్పు మాత్రమే కాదు, భూమి లేనితనానికి తగిన కప్పు కూడా. దీనికి తోడు రెండు మూడేళ్ళకొకసారి కొత్త ఆకు, నేతగాళ్ళ కూలి. పెంకుటిల్లు ఒకసారి పెద్ద ఖర్చు, తాటాకిల్లు బతికినంత కాలం చిన్న ఖర్చు.

గాలివాన తర్వాత

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టింది. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. బలహీనవర్గాలకు పక్కా ఇళ్ళ పథకాలు ఎనభైలలో ఊపందుకున్నాయి. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన మహావరదలో లంకగ్రామాల మట్టిగోడలు కరిగిపోయాయి. పదేళ్ళకు, 1996 నవంబరు 6 రాత్రి, కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫాను కోనసీమ మీదుగా సాగింది. వేయిమందికి పైగా మరణించారు. కొబ్బరిచెట్లు వరుసలుగా కూలాయి. పెంకులు కాగితాల వలె ఎగిరాయి, పాకలు జాడ లేకుండా పోయాయి. ఆ రాత్రి ఊరిలో శ్లాబు ఉన్న ఇల్లు, బడి, గుడి మండపం ప్రాణం కాపాడిన చోట్లయ్యాయి.

కోనసీమ గృహచరిత్రలో ఆ రాత్రి ఒక మలుపని నా ప్రతిపాదన. పెళ్ళి సంబంధాలలో ‘డాబా ఇల్లు’ గౌరవ చిహ్నం కావడం, పెంకుటిల్లు పాతబడినదన్న భావం అంతకుముందే మొదలయ్యాయి. తుఫాను ఆ కోరికకు ప్రాణరక్షణ అనే తిరుగులేని కారణాన్ని ఇచ్చింది. గాలికి ఎగరనిది, నిప్పుకు కాలనిది, వరదకు కరగనిది, ఏటా నేయనక్కరలేనిది – శ్లాబు ఈ నాలుగింటికీ ఒకే సమాధానం. పేటలలో దానికి అయిదవ అర్థం కూడా ఉన్నది. ఊళ్ళోని పెద్దింటి కప్పు ఏ వస్తువుతో ఉన్నదో తన కప్పూ అదే వస్తువుతో ఉండడం. నడుము వంచకుండా నిలువుగా లోపలికి పోగలిగిన గుమ్మం విలువ వాట్ల లెక్కలో తేలదు.

ఈజిప్టులో హసన్ ఫతీ 1940వ దశకంలో లక్సర్ సమీపాన మట్టి ఇటుకలతో, గుమ్మటాలతో కొత్త గూర్నా గ్రామాన్ని నిర్మించాడు. వేడికి తగిన నిర్మాణంగా ప్రపంచమంతా మెచ్చింది. పాత గూర్నా వాసులలో అధికులు అక్కడికి రాలేదు. తమ జీవనాధారం ఉన్న చోటును వదలడం వారికి ఇష్టం లేదు. గుమ్మటం వారి దృష్టిలో సమాధుల మీద ఉండవలసిన కప్పు. చల్లదనాన్ని కొలిచినవారు కప్పుకు ఉన్న అర్థాన్ని కొలవలేదు. పేదల ఇళ్ళకు మట్టినీ ఆకునూ మళ్ళీ సిఫారసు చేసేవారందరూ గుర్తుంచుకోవలసిన ఉదాహరణ ఇది.

శ్లాబు తెచ్చిన బాధా అంతే వాస్తవం. నాలుగైదు అంగుళాల కాంక్రీటు ఉదయం నుంచి ఎండను తాగి, సాయంత్రం అయిదు దాటిన తర్వాత దానిని గదిలోకి వదలడం మొదలుపెడుతుంది. మనిషి పని నుంచి వచ్చి పడుకునే వేళకు కప్పు పొయ్యి మీది పెనంలా ఉంటుంది. ఫ్యాను తిప్పేది ఆ వేడి గాలినే. ఇల్లు పూర్తిచేయడానికి డబ్బు చాలక సిమెంటు రేకులు వేసుకున్నవారి స్థితి మరీ కష్టం. రేకు మధ్యాహ్నాన్నే మండుతుంది, తుఫానుకూ నిలవదు. చలువా రక్షణా రెండూ లేని కప్పు అదొక్కటే.

సెంటున్నర స్థలం

ఇంధన పొదుపు నియమాలు ఇక్కడికి వస్తాయి. కేంద్ర ప్రభుత్వం 2018 డిసెంబరులో నివాస గృహాల కోసం ‘ఎకో నివాస్ సంహిత’ను వెలువరించింది. గోడల గుండా లోనికి వచ్చే వేడికి చదరపు మీటరుకు 15 వాట్ల పరిమితిని అది సూచించింది. కప్పుకు విడిగా ఒక పరిమితి ఉన్నది. ప్లాస్టరింగు తప్ప మరే పొర లేని శ్లాబు ఆ పరిమితికి రెండు మూడింతలు వేడిని లోనికి పంపుతుంది. ఉష్ణ–ఆర్ద్ర మండలంలో తెరుచుకునే కిటికీల, ద్వారాల వైశాల్యం నేల వైశాల్యంలో కనీసం 16.66 శాతం, అంటే ఆరో వంతు ఉండాలన్నది. పొడి వేడి మండలానికి అది 10 శాతమే చాలునన్నది. ఎండకూ ఉక్కకూ మాటల్లో మనకున్న తేడా ఇన్నాళ్ళకు అంకెలలోకి వచ్చింది.

ఈ సంహిత 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలంలోని నివాస భవనాలకు ఉద్దేశించినది. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో పేదలకు పంచిన ఇళ్ళ స్థలం గ్రామాలలో సెంటున్నర, పట్టణాలలో సెంటు. సెంటున్నర అంటే సుమారు 60 చదరపు మీటర్లు. నియమం మొదలయ్యే చోటుకు ఎనిమిదో వంతు. ఎవరి కప్పు ఎక్కువగా కాలుతున్నదో వారి ఇంటి దాకా నియమం రాదు. కోనసీమలో ‘కాలనీ’ అన్న మాటకు స్థిరపడిన అర్థం ప్రభుత్వం ఇచ్చిన పేదల ఇళ్ళ వరుస. పల్లపు పొలాన్ని మెరక చేసి, చెట్టూ చేమా లేని నేల మీద ముక్కలుగా కొలిచి ఇచ్చిన చోటది. అక్కడ మండువా కట్టమనడం పరిహాసం అవుతుంది. మూడువైపులా పక్కింటి గోడలున్న చోట వీధి గుమ్మానికి ఎదురుగా పెరటి గుమ్మం పెట్టే వీలు కూడా ఉండదు.

అయినా పాత ఇళ్ళ పద్ధతులలో కొన్ని సెంటున్నరలో ఇముడుతాయి. కిటికీల మీద గోడ వెడల్పున రెండడుగుల ముందుకు వచ్చే సన్‌షేడు – అది చూరు పని చేస్తుంది. గది తలుపు మూసినా గాలి ఆడేటట్లు గోడ పైభాగంలో జాలీ. పడమటి గోడ వైపు గదులకు బదులు స్నానాల గది, మెట్లు. అన్నిటికంటె తక్కువ ఖర్చుతో అయ్యేది డాబా మీద తెల్లసున్నం. పొరుగున తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. ఎండను తిప్పికొట్టే తెల్లని పూత, తెల్లని పలకలు దాని సారాంశం. ఉక్క సీమలో ఫ్యాను తప్పదు. పాత ఫ్యాను 70 వాట్లకు పైగా వాడితే బీఎల్‌డీసీ ఫ్యాను అందులో సగానికి తక్కువతో తిరుగుతుంది. టన్నున్నర ఏసీ నడిచేటప్పుడు దాదాపు వేయిన్నర వాట్లు లాగుతుంది. తెల్లసున్నమూ మంచి ఫ్యానూ ఉన్న శ్లాబు ఇల్లు మండువా కాదు. కాని ఏసీ కొనలేని ఇంట్లో రాత్రి నిద్ర పట్టడానికి పట్టకపోవడానికి ఉన్న తేడా అంతమాత్రమే కావచ్చు. ఈ పనులన్నిటికీ అవసరమైనవి ఇల్లు మంజూరు చేసేటప్పుడు ఇచ్చే నమూనా పటంలో నాలుగు గీతలు, అంచనాలో ఒక పద్దు. లేఔటు వేసేటప్పుడే వీధి వెడల్పును, గాలి వచ్చే దక్షిణపు వైపును, చెట్లు నాటే చోటును నిర్ణయించడం అంతకంటె ముఖ్యం. కోనసీమలో పాకకు సగం చలువ ఆకు ఇస్తే మిగతా సగం కొబ్బరితోట ఇచ్చింది.

ఈలోగా జనం తమకు తోచిన దారి తాము చూసుకుంటూనే ఉన్నారు. వేసవి సాయంత్రాలలో అమలాపురం పరిసరాల కాలనీలలో డాబాల మీద నీళ్ళు చల్లడం, కొబ్బరాకులు పరచడం సాధారణంగా కనిపించే దృశ్యం. కొందరు శ్లాబు మీద నాలుగు గుంజలు పాతి తాటాకు పాక వేసుకుంటారు. అది శ్లాబుకు గొడుగు, రాత్రి పడకకు చోటు, పెళ్ళికి పందిరి. పక్కా ఇంటి మీదికి ఎక్కిన ఈ పాకను ఏ పథకమూ మంజూరు చేయలేదు. ఒకప్పుడు ఏ కప్పును వదిలించుకోవడానికి తరాలు పెనుగులాడాయో ఆ కప్పే ఇప్పుడు కాలిపోయినా ఇల్లు పోదన్న ధీమాతో మళ్ళీ పైకి చేరింది. దానిని నేయగలిగినవారు మాత్రం ఊరికి ఒకరిద్దరు మిగిలారు. వేసవికి ముందే వారికి బయానా ఇవ్వవలసి వస్తున్నది.